ఒక తరం ఎక్కువైన వంశావళి

ఆ రోజుల్లో ఏదైనా పోయిందంటే అందరూ "అయ్యో" అనేవాళ్లు, నేను మాత్రం "ఎంత?" అనేవాణ్ణి. అది నా స్వభావం. కాబట్టి మా వంశావళి పుస్తకం సంగతి కూడా పోయినవాటితోనే మొదలుపెడతాను. మా తాతగారి అన్న ఎప్పుడో హిందూపురంలో ఆ పుస్తకాన్ని నూరు ప్రతులు అచ్చు వేయించాడు. అందులో తొంభై తొమ్మిది ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. మిగిలిన ఒక్కటి మా ఇంటి అటక మీద ఉండేది. దానికి నలభై పేజీలు. చెదలు తిన్నవి పదకొండు. వాన నీటికి ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే పొడిపొడిగా రాలిపోయినవి ఆరు. అట్ట మా అవ్వ ఊరగాయ జాడీకి మూతగా చాలా ఏళ్లు సేవ చేసి, నూనె తాగి తాగి కన్నుమూసింది. (పొయ్యి అంటించడానికి చింపిన పేజీల సంగతి అవ్వ ఎన్నడూ ఒప్పుకోలేదు కనుక వాటిని లెక్కలో చేర్చలేదు.) వీటన్నిటిలోకీ పెద్ద నష్టం మా ముత్తాత పేజీ. ఆయన పేరు, తోబుట్టువుల పేర్లు, ఎవరిని ఏ ఊరికి ఇచ్చారు అన్నదంతా చెదల కడుపులోకి చేరింది. వాటికి ఆ పేజీ ఎందుకంత రుచించిందో గాని, దాని మూలంగా నా పెళ్లి ఆగిపోయినంత పనయింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మా ఊరు పరిగి దగ్గర. హిందూపురంలో ఒక చింతపండు మండీలో లెక్కలు రాసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగినా లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. బస్సెక్కితే టిక్కెట్టు మీది అంకెలు కూడితే గాని కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి కాదు. ఈ పాండిత్యం చూసే మా పెదనాయన ఒకరోజు నన్ను పిలిచి, "ఒరే, మన వంశావళి మళ్లీ అచ్చేయించల్ల. మనది ఎనిమిది తరాల వంశం. లెక్క తెలిసినోడివి నువ్వొక్కడివే, నువ్వే రాయల్ల" అన్నాడు. ఏటా పెనుకొండలో మా ఇంటిదేవుడి పూజకు చుట్టాలందరూ చేరతారు. ఆ రోజే పుస్తకం పంచాలని తీర్మానమయింది. అదే రోజు ఇంకొక శుభకార్యం కూడా పెట్టుకున్నారు. ధర్మవరం మామ కూతురికీ నాకూ తాంబూలాలు. ఈ మామ మా అమ్మకు అన్నదమ్ముడు కాదు. మా ముత్తాత చెల్లెల్ని ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చారు, ఆవిడ మనవడే ఈయన. మా నాయనకు బావ వరస. అందుచేత ఆయన కూతురు నాకు మరదలు. ఇంతవరకు లెక్క సులభం.

లెక్క సులభమే గాని, మరదలు సులభం కాదు. వివరాలు రాసుకోవడానికి ధర్మవరం వెళ్లినప్పుడు మామ మగ్గంలో కూర్చుని జరీ అంచు నేస్తూ మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల పక్కనే దారం చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"బావా, నీ పుస్తకంలో ఆడోళ్ల పేర్లు రాస్తాండావా, 'భార్య' అని రాసి ఇడ్సిపెడ్తావా?"

"అందరి పేర్లూ రాస్తాండా."

"అయితే నాది యాడ వస్తాది?"

"ఇప్పటికి ధర్మవరం శాఖలో. తాంబూలాలు అయినాక, మళ్లీ అచ్చేయిస్తే నా పక్కన."

"రెండు చోట్లా ఇప్పుడే రాసేయ్. కాగితమే కదా, బరువైతాదా?"

మామ మగ్గం చప్పుడు కాసేపు ఆగింది. ఆయన నవ్వుతున్నాడని వీపు చూస్తేనే తెలిసింది. నేను మాత్రం ఆ రోజు తిరుగు బస్సులో టిక్కెట్టు అంకెలు కూడడం మరిచిపోయాను.

ఆదివారాలన్నీ పేర్ల వేటలో గడిచాయి. మాలో ఆడవాళ్లు మొగుడి పేరూ మామ పేరూ నోటితో ఎత్తరు. ఈ సంగతి అందరికీ తెలిసిందే గాని, వంశావళి రాయబోయేవాడికి తెలిసేంతగా ఇంకెవరికీ తెలియదు. గోరంట్లలో ఒక అవ్వను మొగుడి పేరు అడిగితే గోడ మీది క్యాలెండరు చూపించింది. అందులో పట్టాభిషేకం బొమ్మ. నేను 'రామప్ప' అని రాసుకుని బయలుదేరితే గడప దాకా వచ్చి, "ఏం రాసుకుంటివి నాయనా?" అంది. చెప్పాను. "అయ్యో, కుర్చీలో కూర్చున్నాయప్ప కాదు, కింద కాళ్లకాడ కూర్చున్నాయప్ప" అంది. రామప్పను కొట్టేసి హనుమంతప్పను రాసుకున్నాను. (ఆ పక్కనే లక్ష్మణుడూ భరతుడూ ఉండగా నేను మళ్లీ అడగకుండా రాయడం ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది. అదృష్టం కొద్దీ అది సరే అయింది.) ఇక మా అవ్వ, అంటే మా నాయన తల్లి, వీళ్లందరినీ మించింది.

"అవ్వా, మీ మామ పేరేంది?"

"మామ."

"పేరు అవ్వా, పేరు."

"మామకు పేరేందిరా? మామంటే మామే. కోటూరికి పోతాండావంటనే, ఎండ యెక్కువుండాది, గొడుగు ఎత్తుకోనిపో."

కోటూరంటే పెనుకొండ. అవ్వ ఆ ఊరిని ఎప్పుడూ అట్లాగే అనేది. పాతకాలం మనిషి, కోట ఉన్న ఊరిని కోటూరంటుంది అనుకుని నేనూ గొడుగు తీసుకుని వెళ్లిపోయాను.

అన్ని పేర్లూ పోగుచేసి కూర్చితే ఏడు తరాలే వచ్చాయి. పెదనాయన చెప్పింది ఎనిమిది. మండీలో ఒక్క బస్తా తేడా వచ్చినా అది దొరికేదాకా నాకు అన్నం సహించేది కాదు, ఇక్కడ ఏకంగా ఒక తరం తక్కువ. రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాక వెలుగు కనిపించింది. మా తాత పొలం పాస్‌బుక్కులో 'తండ్రి: తిమ్మప్ప' అని ఉంది. పెదనాయన పుట్టకముందే ఆయన పోయాడు కాబట్టి పెదనాయనకూ అంతకు మించి తెలియదు. ధర్మవరం మామేమో, "మా అవ్వకు అన్న ఒకాయన ఉన్నెంట, కొండప్పని. మా నాయన చెప్తా ఉన్నె" అన్నాడు. తిమ్మప్ప వేరు, కొండప్ప వేరు. కాబట్టి కొండప్ప కొడుకు తిమ్మప్ప, తిమ్మప్ప కొడుకు మా తాత. ఎనిమిది! ఆ రోజు మండీలో హమాలీలతో సహా అందరికీ నా ఖర్చుతో టీ తాగించాను. కారణం అడిగితే, "మా ముత్తాతకు నాయన దొరికినాడు" అన్నాను. వాళ్లు నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా టీ తాగేశారు. తరాలు సరిపోయాయా అని చూశానే తప్ప, మధ్యలో ఒక మనిషిని దూర్చితే ఆ కింద ఉన్నవాళ్ల వరసలు ఏమవుతాయో చూడలేదు. రెండు వందల ప్రతులు అచ్చయ్యాయి.

పెనుకొండలో పూజ అయింది, భోజనాలయ్యాయి, పుస్తకాలు పంచాను. లోపల తాంబూలాల పళ్లెం సర్దుతున్నారు. ధర్మవరం వాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు, కళ్లద్దాల తాత అనేవాళ్లు. ఆయన అద్దాలు తుడుచుకుని వంశవృక్షం పేజీ తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టాడు. మా వైపు కొమ్మ మీద ఒకసారి దిగాడు, వాళ్ల వైపు కొమ్మ మీద ఒకసారి దిగాడు. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాడు.

"ఏమప్పా, ఈ లెక్కన చూస్తే మనోడు, అదే పిల్ల నాయన, పిల్లోని నాయనకు బావ కాదే. బావ అయ్యేది పిల్లోని తాతకు. పిల్లోని నాయనకేమో మామ అయితాడు."

"అయితే ఏమి?" అన్నాడు పెదనాయన.

"అయితే ఏమంటావేమబ్బా? పిల్ల ఆ పిల్లోని నాయనకు మరదలైతాది. నాయనకు మరదలంటే, ఈ పిల్లోనికి చిన్నమ్మ."

పందిట్లో ఎవరో ఒక చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. ధర్మవరం మామ నెమ్మదిగా, "ఇన్నేండ్లూ బావా బావా అని తప్పు పిలుచుకున్నామే!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. "పుస్తకంలో తప్పుండొచ్చు మామా" అన్నాను. కళ్లద్దాల తాత అద్దాల మీదుగా చూసి, "రాసింది నువ్వే కదప్పా? ముందుమాటలో 'ప్రతి అంకెను మూడుసార్లు సరిచూడడమైనది' అని ఏసుకున్నావే" అన్నాడు. పెదనాయన వైపు చూశాను. ఆయన ముఖంలో ఎనిమిది తరాల గర్వమూ, ఒక పెళ్లి ఆగిన దిగులూ ఒకేసారి కనిపించాయి. తాంబూలాల పళ్లెం లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల వ్యాను కదిలేముందు ఆ పిల్ల కిటికీలోంచి నన్ను చూసి, "పోయొస్తాం నాయనా, వేళకు అన్నం తిను" అంది. చిన్నమ్మ అన్నట్టుగానే అంది. నవ్వుతూనే అంది గాని, కళ్లు మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఊరు చేరి అవ్వ ముందు కూలబడ్డాను. మా ఇంట్లో తాతల తరంలో అప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. నడవలేక పూజకు రాలేదు. పుస్తకంలో ఏం రాశానో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకు చదువు రాదు. "అవ్వా, కొండప్ప కొడుకు తిమ్మప్పే కదా?" అన్నాను. అవ్వ చెవులు మూసుకుని, మళ్లీ తీసి, నన్ను ఎగాదిగా చూసింది.

"నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా? ఒక మనిసి తనకు తానే నాయన యట్లయితాడురా?"

అప్పుడు కథంతా చెప్పింది, ఒక్క పేరు కూడా ఎత్తకుండా. మా ముత్తాతకు ఆయన తాత పేరే పెట్టారు. అదేమో ఆయన తల్లికి మామ పేరు. "కొడుకును పిలవల్లంటే మామ పేరు పిలవల్ల. అల్లరి చేస్తే తిట్టల్లంటే మామను తిట్టినట్లైతాది. ఆయమ్మ ఏం చేస్తాది? ఇంకో పేరు పెట్టుకోని తిట్టుకునె. ఊరంతా ఆ పేరే పట్టుకునిరి." కాగితంలో తిమ్మప్ప, నోళ్లలో కొండప్ప. మనిషి ఒక్కడే. నేను ఆయన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒకరి కింద ఒకరిని నిలబెట్టాను.

మరుసటి ఆదివారం అవ్వను మెల్లగా బస్సెక్కించి ధర్మవరం తీసుకుపోయాను. పెదనాయన కూడా వచ్చాడు. సంగతి విని మామ ముఖం కొంచెం తేటపడింది గాని, కళ్లద్దాల తాత మెత్తబడలేదు.

"అవ్వా, పాస్‌బుక్కులో ఉన్న పేరు సరే. నీ మామను కొండప్ప అని కూడా పిలుస్తా ఉన్నెంట కదా? నీ నోటితో చెప్పు, చాలు."

"చెప్పను."

"పిల్లోని పెండ్లి అవ్వా!"

"అయితే? మనవని పెండ్లి కోసం మామ పేరు నోట్లో ఏసుకోవల్లనా? ఔనంటాండా కదా, తలకాయ ఊపుతాండా కదా!"

"మనవని కోసం తలకాయ ఎవురైనా ఊపుతారు."

అవ్వ మూతి బిగించుకుంది. ఆయన పుస్తకం బిగించుకున్నాడు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని, నా బతుకు ఒక్క మాట దూరంలో ఆగిపోవడం చూస్తున్నాను. అప్పుడు ఆ పిల్ల మజ్జిగ గ్లాసులు తెచ్చి, అవ్వకు ఇచ్చి, పక్కనే కూర్చుంది.

"అవ్వా, పొద్దున అమ్మ అడిగితే ఏ దావన వచ్చినామంటివి?"

"హిందూపురం మీద, కోటూరు మీద."

"కోటూరు యాడుండాది అవ్వా?"

"అదేమ్మే, కోట ఉండాదే, ఇంటిదేవుడు ఉండాడే, ఆడ."

"దాని పేరేంది?"

అవ్వ నోరు తెరవబోయి మూసేసింది. ఆ పిల్ల వైపు తిరిగి, పళ్లు లేని నోటితో మెల్లగా నవ్వింది. "దొంగముండా! పెండ్లయి వచ్చిన కాడ్నుంచి ఆ ఊరి పేరు నేను ఎత్తలే. నీకు యట్ల తెలిసె?" అంది.

కళ్లద్దాల తాత, "పెను..." అని ఆగిపోయాడు. మిగతా రెండక్షరాలు పెదవుల మీదే ఉండిపోయాయి. ఆయన అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వడం మొదలుపెట్టాడు. మామ మగ్గం గుంట అంచు మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. నవ్వులు సద్దుమణిగాక నేను మా పెదనాయనను నిలదీశాను. "తరాలు మళ్లీ ఏడే అయినాయి కదా, ఎనిమిదని యట్ల చెప్తివి పెదనాయనా?" ఆయన మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, "పోయినేడు నాకు మనవడు పుట్టె కదరా, వాణ్ణి కలుపుకోని చెప్పినా" అన్నాడు. ఆ పసివాణ్ణి నేను అచ్చులో చేర్చనే లేదు.

తాంబూలాలు ఆ మగ్గం గదిలోనే అయ్యాయి. పెళ్లి కూడా సవ్యంగానే అయింది. పుస్తకాలే సవ్యం కాలేదు. మళ్లీ అచ్చు వేయించే స్తోమత లేక, 'కొండప్ప అను తిమ్మప్ప' అని చిన్న చీటీలు వేయించి, గోందు సీసా జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పెళ్లికి పోయినా చావుకు పోయినా, పలకరింపు అయ్యీ కాకముందే "మీ ఇంట్లో వంశావళి ఉండాదా?" అనేవాణ్ణి. నల్లచెరువులో ఒక ఇంట్లో అది కుంటి మంచం కోడు కింద ఉంటే, మంచం మీది ముసలాయన లేచేదాకా కాచుకుని అంటించాను. ఇప్పుడు ఆ ఉత్సాహం లేదు, మోకాళ్లూ లేవు. లెక్క కుదిరిందని లోకానికంతా టీ తాగించిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తుకొస్తాడు. వాణ్ణి తిట్టాలనిపించదు. ఇంట్లో నేను కొంచెం గొంతు పెంచితే మా ఆవిడ, "చిన్నమ్మతో మాట్లాడే తీరేనా ఇది నాయనా?" అంటుంది. దానికి ఆమె దగ్గర అచ్చులో రుజువు ఉంది, ఏం చేయను? ఇన్నేళ్లలో నూట అరవై మూడు పుస్తకాలకు చీటీలు పడ్డాయి. ఎక్కడున్నాయో తెలియక, తెలిసినా వెళ్లలేక, మా ఆవిడను ఈనాటికీ నాకు చిన్నమ్మగానే ఉంచిన పుస్తకాలు ముప్పై ఏడు.