చర్చిలో సువార్తమ్మ చేసిన ప్రకటన

అల్లవరం దగ్గర ఓ రొయ్యల ఫ్యాక్టరీలో సువార్తమ్మ ఏళ్ళ తరబడి రొయ్యలు వలుస్తోంది. ఐసునీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయినా, కూర్చోడానికి స్టూలివ్వరు. బాత్రూముకి వెళ్ళాలంటే బతిమాలాలి. పుట్టినరోజుకి మాత్రం కేకు కోయించి, ఫొటో తీసి గోడకి తగిలిస్తారు. దాని కింద "మనమంతా ఒకే కుటుంబం" అని రాస్తారు. ఏం కుటుంబమో, ఏం కేకో!

ఈ మధ్య ఆ కుటుంబంలోకి కొత్తగా ఒక్కరూ రావడం లేదు. ఊరూరా ఫ్లెక్సీలు కట్టినా లాభం లేకపోయింది. అప్పుడు మేనేజరు మహానుభావుడికి బుర్ర వెలిగింది.

"సువార్తమ్మా, మీ చర్చిలో ఆరాధన చివర ప్రకటనలు చేస్తారు కదా. మన ఫ్యాక్టరీ గురించి నువ్వే చెప్పు. నీ మాటైతే నమ్ముతారు."

"ఆయ్, అలాగేనండి."

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, పొగడ్తలు వినడానికి. సువార్తమ్మ లేచి నిలబడింది.

"మా ఫ్యాక్టరీలో ఉద్యోగాలున్నాయండి. ఇప్పటికే అందులో చేస్తున్న మా కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

చర్చి అంతా కళ్ళు మూసుకుంది. పాస్టరు గారు ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ పేర్లతోపాటు ఆ ఫ్యాక్టరీ పేరు కూడా కలిపి ప్రార్థన మొదలెట్టేరు.