కొండగాలి ఖౌఖా

ఖౌఖా సాధించిన మొదటి ఘనకార్యం మా చర్చి లౌడ్‌స్పీకరు. అది ఈస్టరు నుంచి మూగబోయి ఉంది. ఎంబాలె పట్నం నుంచి వచ్చిన మెకానిక్కులు చూసి పెదవి విరిచి వెళ్లారు. మీసం కూడా సరిగా రాని ఖౌఖా పట్టు పట్టి కూర్చుని దానిచేత మళ్లీ పాట పాడించాడు. అయితే మా ఊరు ఇప్పటికీ చెప్పుకునేది ఆ పాట గురించి కాదు. మూత విప్పే ముందు అతను పాస్టరుగారిని చర్చిలోంచి బయటికి పంపి లోపల గడియ పెట్టుకున్నాడు. చెప్పుకునేది అదీ.

అదే అతని జబ్బు. ఏ యంత్రం విప్పాలన్నా గదిలో మనిషన్నవాడు ఉండకూడదు. ఎందుకయ్యా అంటే, "మనుషులుంటే పెట్టె నిజం చెప్పదు" అంటాడు. యజమాని అయినా సరే, బయటికి నడవాల్సిందే.

పోలీసు ఠాణాలో కంప్యూటరు పాడైనప్పుడు ఇన్‌స్పెక్టరునే బయటికి పంపాడు. లాకప్పులో ఉన్న మేకల దొంగనూ ఉండనివ్వలేదు. ఇన్‌స్పెక్టరు, దొంగ ఒకే చెట్టు నీడన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పారిపోవడానికి అంత మంచి అవకాశం మళ్లీ రాదు, అయినా దొంగ కదల్లేదు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోకుండా వెళ్లడానికి వాడికి మనసొప్పలేదట.

అత్తగారి రేడియో బాగుచేయడానికి వెళ్లినప్పుడు మాత్రం ఎవరినీ పంపాల్సిన పని పడలేదు. మాలో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, అల్లుడి గొంతు వినపడితే చాలు, అత్తగారు తానే పెరటి దారి పడుతుంది. ప్రపంచంలో అంత పద్ధతైన ఇల్లు ఇంకోటి లేదంటాడు ఖౌఖా.

ఇక తలుపు తీసి బయటికొచ్చాక చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "కొండగాలి తగిలింది." చర్చి లౌడ్‌స్పీకరుకి కొండగాలి. ఠాణా కంప్యూటరుకి కొండగాలి. ఆఖరికి కొండ ఎక్కడుందో కూడా కనిపించని లోయలో ఉన్న పిండిమరకీ కొండగాలే. ఈ ఫుండి చదువుకున్న జబ్బు ఒక్కటేనని మా కులోబా నవ్వేవాడు. ఫుండి అంటే మా దగ్గర మరమ్మతులు చేసేవాడు. కులోబా మా ఊరి రేడియోలో మాట్లాడే కుర్రాడు.

ఆ రేడియో సంఘానికి పెద్దని నేను. పేరు మాగోంబె. చదివింది మిషన్ బడిలో ఆరో తరగతి, అదీ గోనెపట్టా మీద కూర్చుని. కొండ ఊట నీళ్లని గొట్టాల్లో ఊళ్లోకి దించింది నేను. కాఫీ సంఘాన్ని చాలా ఏళ్లు నడిపింది నేను. వాగు మీద వంతెన కట్టించింది నేను. ఇవన్నీ కుర్రకారుకి తెలియాలని ప్రతి గురువారం మధ్యాహ్నం రేడియోలో 'నా సేవ' అనే కార్యక్రమం చెబుతాను.

మా రేడియోకి ఉన్నది ఒక్క కంప్యూటరు. పాటలు దాంట్లోనే, మైకు గొంతూ దాని గుండానే పోవాలి. ఒక గురువారం నేను వంతెనకి మొదటి రాయి వేసే ఘట్టానికి వచ్చేసరికి అది ఠక్కున ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు. పై గురువారం సరిగ్గా ఆ రాయి దగ్గరే మళ్లీ ఆరింది. ఆ పై గురువారమూ అంతే. సంతలో అరటిగెలలు అమ్మే ఆడవాళ్లు నన్ను ఆపి, "పెద్దయ్యా, వంతెన పూర్తయిందా, మేమింకా నీళ్లలో దిగే దాటాలా?" అని అడగడం మొదలుపెట్టారు.

నా సంగతి సరే. చావు కబుర్లు కూడా మా రేడియోలోనే చెబుతారు. ఒకనాడు కులోబా ఒక పెద్దావిడ పేరు చెప్పి, రేపు రెండింటికి ఖననం అని, ఊరి పేరు చెప్పబోయేంతలో పెట్టె ఆరింది. బంధువులు కొండంతా తిరిగారు. సగంమంది ఎవరిదో పెళ్లిలో తేలారు. ఏడవడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు కాబట్టి అక్కడ అప్పగింతలు బ్రహ్మాండంగా జరిగాయట. ఆ పెద్దావిడ దగ్గర మాత్రం మట్టి వేసే చేతులు చాలలేదు.

దాంతో నాకు ఒళ్లు మండింది. ఇది ఎవరి అజాగ్రత్త వల్ల జరిగిందో తేలాలనీ, ఈ నెలాఖరు శుక్రవారం సంఘం కూర్చునేసరికి వాళ్లు ఉద్యోగంలో ఉండరనీ రేడియోలోనే ప్రకటించాను. ఆ మాట పూర్తయ్యేదాకా పెట్టె ఆరలేదు, అదేం ఖర్మో.

మా దగ్గర జీతానికున్నది ఇద్దరే. ఒకడు కులోబా. వాడికి ఇంకో పని దొరుకుతుంది. రెండోది నాముటోసి. మొగుడు పోయిన మనిషి, గదులు ఊడ్చి తుడిచి, వచ్చినవాళ్లకి టీ పోస్తుంది. ఆ ఉద్యోగం పోతే ఆమె పిల్లల బడి కూడా ఆగిపోతుంది. నా ప్రకటన విన్ననాటి నుంచి ఆమె టీలో పంచదార వేయడం మరిచిపోతూ వచ్చింది.

కులోబా కరెంటు హెచ్చుతగ్గులనుకుని స్టెబిలైజరు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. పట్నం షాపువాడు పెట్టెలో కరెంటు అందించే భాగమే పోయిందంటే అదీ మార్పించాడు. గురువారం వచ్చింది, మళ్లీ ఆ మొదటి రాయే. చివరికి ఖౌఖాని పిలిపించాను. రాగానే మమ్మల్నందరినీ బయటికి తోశాడు.

వాగుకే వంతెన వేసినవాణ్ణి, నాకు ఒక కిటికీ లెక్కా? వెనకవైపు కాఫీ పెట్టె వేసుకుని ఎక్కి అద్దానికి ముక్కు ఆనించి చూశాను. మూత విప్పాడు. ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాడు. తీగలన్నీ ఒక్కొక్కటే లాగి బిగించాడు. లోపలి చిన్న పలకలు తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. తర్వాత పాటలు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. పెట్టె పొద్దున్నుంచి సాయంత్రందాకా హాయిగా పాడింది. మర్నాడూ పాడింది. ఖౌఖా దానివైపు చూసిన చూపు చూస్తే నాకే జాలేసింది.

"నా దగ్గర బుద్ధిగా ఉంటోంది. మీరొస్తేనే చస్తోంది" అన్నాడు బయటికొచ్చి.

"పెద్దయ్య వంతెన వినలేక ప్రాణం తీసుకుంటోందేమో" అన్నాడు కులోబా.

ఖౌఖా నవ్వలేదు. తప్పు దొరక్కుండా ఆ గుమ్మం దాటనన్నాడు. గురువారం మధ్యాహ్నం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తలుపు బార్లా తీసి అందరినీ లోపలికి రమ్మన్నాడు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమన్నాడు. తను మూల స్టూలు మీద కూర్చున్నాడు.

నేను మైకు ముందు కూర్చున్నాను. నాముటోసి బీరువా తీసి మడత విప్పింది. మా ఇళ్లలో అతిథుల ముందు ఏ వస్తువూ బోసిగా ఉండకూడదు. సోఫాకి, రేడియోకి, నీళ్ల కుండకి, అన్నిటికీ క్రోషే అల్లిన గుడ్డ కప్పుతాం. కప్పని ఇల్లాలిని మనిషిగా చూడరు. నాముటోసి అల్లినది మామూలు గుడ్డ కాదు. రెండు పేటల ఊలు, ఎర్రటి పువ్వులు, నేలదాకా కుచ్చులు. నా కార్యక్రమమని, నా మీద గౌరవంతో, పెట్టెకి ముందూ వెనకా చుట్టి వీపున ముడివేసి, పెళ్లికూతురిని సర్దినట్టు సర్దింది. చావు కబురు చెప్పడానికి బంధువులు వచ్చినా ఇదే మర్యాద చేస్తుందట. పైన రేకుల కప్పు, నడినెత్తిన ఎండ.

నేను నీళ్ల గొట్టాలు దాటాను, కాఫీ సంఘం దాటాను, వాగు ఒడ్డుకు చేరాను. రాయి ఎత్తాను. పెట్టె ఆరిపోయింది.

"దొరికింది. అందరూ బయటికి పదండి" అన్నాడు ఖౌఖా. "నాముటోసక్కా, నువ్వుండు."

తప్పు దొరికాక అతను ఒక మనిషిని గదిలో ఉండమనడం ఊరి చరిత్రలో అదే మొదలు. నేను మళ్లీ కాఫీ పెట్టె ఎక్కాను.

"అక్కా, ఇది చాలా బాగుంది. బాగుండటమే చిక్కయింది" అన్నాడు ముడి విప్పుతూ. "ఈ పెట్టె వీపుతో ఊపిరి తీసుకుంటుంది. ఊపిరాడక ఒళ్లు కాలిపోతుంటే ప్రాణం దక్కించుకోవడానికి తనే ఆరిపోతోంది."

ఆమె ఆ గుడ్డని లాక్కుని మడతపెట్టేసింది. "అయితే నేనేనా, ఫుండీ?"

"నువ్వెందుకవుతావు? కొండగాలి."

"కొండగాలి చల్లగా ఉంటుంది కదా."

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. సంఘానికెందుకు?" అన్నాడు. "ఈసారి తలగుడ్డలా చిన్నది అల్లు. నెత్తి మీద ఉండాలి, మొహం, వీపు తెరిచి ఉండాలి."

బయటికొచ్చి అందరికీ వినపడేలా కొండగాలి అని చెప్పాడు. కులోబా పకపకా నవ్వాడు. ఖౌఖా నావైపు తిరిగి జేబు రుమాలు ఇచ్చాడు. "పెద్దయ్యా, మీ ముక్కుకి కిటికీ దుమ్ము అంటుకుంది" అన్నాడు, చాలా మర్యాదగా.

మర్నాడు సంఘం కూర్చుంది. నాముటోసి టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను లేచాను.

"దోషిని తీసేస్తానని మాటిచ్చాను. మాగోంబె మాట తప్పడు. ఫుండి తేల్చిన దోషి మన వనాలె కొండ. దాన్ని తీసేసే దమ్ము ఎవరికైనా ఉంటే లేచి నిలబడండి."

ఎవరూ లేవలేదు. ఒకాయన మాత్రం, అయితే కొండవైపు కిటికీ మేకులు కొట్టి మూసేద్దామన్నాడు. ఖౌఖా గాభరాగా లేచి, ఇంత దూరం వచ్చాక పెట్టెకి ఆ గాలి అలవాటైపోయిందని, ఇప్పుడు మూస్తే బెంగ పెట్టుకుంటుందని చెప్పి కూర్చున్నాడు. ఆరోజు టీలో పంచదార రెట్టింపు పడింది.

ఆ తర్వాత ఆలోచిస్తే నాకు ఒక్కొక్కటే అర్థమవుతోంది. ఠాణా కంప్యూటరులో ఇన్‌స్పెక్టరుగారి బీరు ఉందో, వేరుశనగ పొట్టు ఉందో ఎవరికీ తెలియదు. చర్చి లౌడ్‌స్పీకరులో ఏం దొరికిందో ఆ దేవుడికీ ఖౌఖాకీ తెలియాలి. మనల్ని బయటికి పంపేది యంత్రం సిగ్గుపడుతుందని కాదు. కొండకైతే ఉద్యోగం పోదు, పరువూ పోదు. ఇన్నేళ్లుగా ఊరందరి తప్పులూ మోస్తున్నా అది ఒక్క అంగుళం కుంగలేదు.

పై గురువారం వంతెన పూర్తయింది. ప్రారంభోత్సవం, నా ఉపన్యాసం, మేకమాంసం వడ్డన, అన్నీ చెప్పాను. పెట్టె నెత్తిన తలగుడ్డతో చివరిదాకా విన్నది. సంతలో అరటిగెలలావిడ నన్ను ఆపి, "పెద్దయ్యా, ఆ ఖౌఖా మళ్లీ ఎప్పుడొస్తాడు? ఇంకాస్త కొండగాలి తగిలేలా చేస్తాడేమో అడగాలి" అంది.

ఇప్పుడతను కొండకి అవతలి పక్క ఆసుపత్రిలో ఉన్నాడు, అక్కడి కంప్యూటరు పనిమీద. వార్డు నుంచి డాక్టర్లని బయటికి పంపాడని అప్పుడే కబురొచ్చింది. నాముటోసి అతని పనిముట్ల సంచికి ఎర్ర పువ్వుల ముసుగు అల్లడం మొదలుపెట్టింది. అతను వచ్చేలోపు పూర్తిచేస్తానని పంతం మీద ఉంది. అతను వచ్చేది ఆగస్టు పన్నెండున, కొండగాలి అడ్డుపడకపోతే.