రొయ్యలు తిన్న పదో మనిషి

మా వంటింట్లో పొయ్యి మేం వెలిగించకూడదని మేడమీద దిగిన మేష్టారు చెప్పిన రోజున మా అత్త పడీ పడీ నవ్వింది. మర్నాడు పొద్దున్నే ఒక గడ్డం కుర్రాడు నిజంగానే కిందికి దిగొచ్చి, గుడ్‌మార్నింగ్ చెప్పి, గ్యాస్ లైటర్ టిక్కుమనిపించి, వచ్చిన పని అయిపోయినట్టు మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయేసరికి ఆ నవ్వు కాస్తా కోపమైంది.

"ఏటే ఇది? నాను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ ఈ పొయ్యి నానే ముట్టిత్తన్నాను. నా సేతికి ఏటైనాదని?"

చేతికేం కాలేదు. భీమిలిలో మా ఇంటి మేడమీది వాటా ఆ శీతాకాలం ఒక యూదుల మతపాఠశాలకి అద్దెకిచ్చాం, అదీ సంగతి. చలిదేశం బడి అది. ఏటా ఒక నెల ఎక్కడైనా వెచ్చటి ఊరికొచ్చి చదువుకుంటారట. ఒక మేష్టారు, తొమ్మిదిమంది విద్యార్థులు. అందరూ ఇరవై దాటిన మగపిల్లలే, అందరికీ ఆకలే. వంట నాది. "మా తిండికి కొన్ని నియమాలుంటాయి, కోషెర్ అంటారు" అని మేష్టారు ముందే చెప్పాడు. ఉల్లీ వెల్లుల్లీ మానేస్తే సరిపోతుంది కాబోలనుకుని నేను పెద్ద మొనగత్తెలా తలూపేశాను.

ఉల్లీ వెల్లుల్లీ సుబ్బరంగా తింటారు. మిగతావాటితోనే నా ప్రాణం తీశారు. వంట నేను చెయ్యొచ్చు గానీ నిప్పు మాత్రం వాళ్ళలో ఒకరు వెలిగించాలి. కరివేపాకు రెబ్బ రెబ్బా వెలుతురుకి పట్టి చూడాలి, పురుగుంటే తప్పు. కోడిగుడ్డు గాజుగ్లాసులోకి కొట్టి చూడాలి, నెత్తుటి చుక్క కనిపిస్తే పారబొయ్యాలి. చేపకి పొలుసూ ఉండాలి, రెక్కా ఉండాలి. అంటే సొర వద్దు, సావళ్ళు వద్దు, పీతలు వద్దు, రొయ్యలు అసలే వద్దు. భీమిలిలో ఉండి రొయ్యలు వద్దనే మనుషుల్ని మా అత్త అంతవరకూ చూడలేదు. ఆమె రొయ్యల ఇగురుకి కూర్మన్నపాలెం నుంచి కూడా చుట్టాలు పనిగట్టుకుని వస్తారు. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని, పైకప్పు వైపు జాలిగా చూసింది. "పాపం, ఆళ్ళకి ఏ జబ్బో" అంది.

గిన్నెల సంగతి ఇంకో ఎత్తు. కొత్త స్టీలు గిన్నెలు కొనిపించారు. వాటిని వాడేముందు నీళ్ళలో ముంచాలన్నారు. సరే, బకెట్టు పట్టుకొచ్చాను. బకెట్టు పనికిరాదట, సముద్రం కావాలట! పదిమంది గడ్డాల మగవాళ్ళు డెక్సాలూ, చట్టీలూ, గరిటెలూ మోసుకుంటూ వీధిలో నడుస్తుంటే వాళ్ళ ముందు నేను. మా ఊళ్ళో గిన్నె పట్టుకుని మగాళ్ళంతా కలిసి సముద్రానికి వెళ్ళారంటే దానికి ఒక్కటే అర్థం. చేపల బుట్టలు దించి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అయ్యో, ఎవులు పోనారే?" అంది ఒకామె.

"ఎవరూ పోలేదు, వంటకి" అన్నాను. ఆమె బుగ్గలు నొక్కుకుంది.

ఈలోగా పెద్ద కెరటమొకటి వచ్చి పప్పు డెక్సా మూతని లాక్కుపోయింది. పదిమందీ కేకలేసుకుంటూ నీళ్ళలోకి దూకారు. మేష్టారు కూడా, కోటుతో సహా. ఒక పడవవాడు మూత పట్టుకొచ్చి ఇస్తే వాళ్ళలో అందరికంటే పొడుగ్గా ఉన్న కుర్రాడు అతన్ని వాటేసుకుని "థాంక్స్ బావా!" అన్నాడు. అప్పటికి వాడు మా ఊరొచ్చి ఒక్కరోజే. ఆ బావ ఎక్కడ నేర్చాడో నాకు ఇప్పటికీ తెలీదు.

పాలు పితికేటప్పుడు దగ్గరుండి చూసే పని కూడా ఆ పొడుగువాడిదే. వేరే జంతువు పాలు కలవలేదని వాళ్ళలో ఒకరు కళ్ళారా చూడాలట. మా పాలబ్బాయి గేదె దగ్గర వాడు చేతులు కట్టుకుని నిలబడితే, పాలబ్బాయి నామీద విరుచుకుపడ్డాడు. "ఏటమ్మా, నీల్లు కలుపుతానని కాపలా ఎట్టినావా?" నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ నెలలో తాగినంత చిక్కటి పాలు నేను ముందూ తాగలేదు, తర్వాతా తాగలేదు.

ఇదంతా తిండి గొడవ. ప్రార్థన గొడవ వేరు. పొద్దున్న, సాయంత్రం, పొద్దుగూకాక, రోజూ మూడుసార్లు. పొద్దున్న ఆరున్నరకయ్యేసరికి మేష్టారు నా పెద్ద చెక్కగరిటె పట్టుకుని ఒక్కో గది తలుపూ దబదబా బాదేవాడు. "ఆలస్యమైతే ఊరుకోను!" అని అరిచేవాడు. జలుబన్నా వదిలేవాడు కాదు, తలనొప్పన్నా వదిలేవాడు కాదు. కింద మా ఇంట్లో ఫ్యాను ఊగిపోయేది. ఇంత పెద్ద పిల్లల్ని బళ్ళో చిన్నపిల్లల్లా హాజరుకి ఏడిపిస్తాడేమిటని నాకు ఆయనమీద గట్టి కోపమే ఉండేది.

ఒకరోజు పొయ్యి వెలిగించడానికి ఆయనే దిగొచ్చాడు. వెలిగించి, వెళ్ళకుండా నిలబడ్డాడు. ఆయన తల్లి పోయిందట. పోయిన తల్లికోసం కొడుకు పదకొండు నెలలు ఒక ప్రార్థన రోజూ చదవాలి. ఒక్కడూ చదువుకుంటే చెల్లదు. తమ మతం మగవాళ్ళు పదిమంది చేరితేనే చదవాలి. తొమ్మిదిమంది శిష్యులు, తను. సరిగ్గా పది. ఒక్కడు నిద్రపోయినా తల్లికి ఆ పూట ప్రార్థన లేనట్టే.

"ఇంతవరకూ ఒక్క పూట తప్పలేదు. గురువారం సాయంత్రం పొద్దుగూకేలోపు చదివేదాంతో పదకొండు నెలలూ అయిపోతాయి. ఆ తర్వాత చదవకూడదు. రోజూ అమ్మతో మాట్లాడుతున్నట్టుండేది" అన్నాడు. నా గరిటెకి అంత పని ఉందని నాకేం తెలుసు? ఆ రోజునుంచి దాన్ని నేనే కడిగి మెట్లమీద పెట్టేదాన్ని.

ఆ గురువారానికి ముందు ఆదివారమే మా ఇంటికి మరో విదేశీయుడు భోజనానికొచ్చాడు. మా మరిది పోర్టులో ఓడలకి కూరగాయలూ సరుకులూ అందించే పని చేస్తాడు. ఒక ఓడ చీఫ్ ఇంజనీరుతో స్నేహం కుదిరి వెంటబెట్టుకొచ్చాడు. గుండు, బానపొట్ట, మంచి నవ్వు. అత్త రొయ్యల ఇగురు వడ్డించింది. ఆయన మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు, నాలుగోసారి అడక్కుండానే గిన్నె తన వైపు లాక్కున్నాడు. అత్త ఆనందానికి హద్దుల్లేవు. అప్పుడే పైన సాయంత్రం ప్రార్థన మొదలైంది. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇది మా తాతగారి పాట" అన్నాడు మెల్లగా.

పైకి వెళ్ళి పలకరించమన్నాను. తలడ్డంగా ఊపి, కంచం చూపించాడు. "నన్ను చూస్తే వాళ్ళు సంతోషించరు. చిన్నప్పుడే అన్నీ వదిలేశాను." ఆయన వెళ్ళాక అత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఈడు ఆళ్ళ మనిసైతే రొయ్యలెలా తినీసినాడే?" అని ఆ వారమంతా నన్ను పీకింది.

గురువారం వచ్చింది. పొద్దున్న ప్రార్థన అయ్యాక మన పొడుగువాడు పడవ బావతో సముద్రం మీదికి షికారెళ్ళాడు, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని. మూడింటికి ఫోనొచ్చింది. ఇంజను ఆగిపోయిందట, ఇంకో పడవ కట్టి లాక్కొస్తోందట. అందరూ క్షేమమే గానీ చీకటి పడితే గానీ ఒడ్డుకి చేరరట.

మేష్టారు ఎవర్నీ తిట్టలేదు. మెట్లమీద కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టాడు. తొమ్మిది, తనతో కలిపి. మళ్ళీ మొదణ్ణుంచి లెక్కపెట్టాడు. 

"మనోణ్ణి ఎవుణ్ణైనా కూకోబెట్టకూడదేటి? కదలకుండా కూకుంటాడు" అంది అత్త. నేను ఇంగ్లీషులో చెబితే ఆయన అంత బాధలోనూ నవ్వి, కుదరదన్నాడు.

నాకు ఇంజనీరు గుర్తొచ్చాడు. నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి గట్టిగా గిల్లింది. "సెప్పకే! రొయ్యల సంగతి తెలిత్తే పొయ్యి సంగతి దేవుడెరుగు, మనల్నే సముద్రంలో ముంచుతారు!" అయినా చెప్పేశాను. దాచి పిలిస్తే అన్యాయమనిపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. మీవాడొకడు పోర్టులో ఉన్నాడు, కానీ మా ఇంట్లో రొయ్యలు తిన్నాడు, నాలుగుసార్లు వేయించుకున్నాడు.

మేష్టారు లేచి నిలబడ్డాడు. "అతని తల్లి యూదురాలేనా?" అన్నాడు. అంతే అడిగాడు.

మరిదికి ఫోన్ చేశాను. మరిది పరిగెత్తి ఇంజనీరు చేతికిచ్చాడు. ఫోన్లో మేష్టారు ఆయన తల్లి గురించే అడిగాడు.  అవతల్నుంచి అవునని ఒక్కమాట వినపడింది. మేష్టారు నావైపు తిరిగి, "బయల్దేరమనండి, త్వరగా!" అన్నాడు.

ఇక మా ఇంట్లో జాతరే. మాకు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ దిగేది కొండ వెనక్కి, అందుకని చూస్తుండగానే జారిపోతాడు. పిల్లలంతా గేటు దగ్గర. మరిది సిగ్నల్ పడ్డచోటల్లా ఫోన్ చేస్తున్నాడు. "వదినా, రుషికొండ దాటీసినాం!" ఫోన్ పెట్టేస్తే మళ్ళీ, "వదినా, గొర్రెల మంద అడ్డొచ్చింది!" గొర్రెలొచ్చాయని నేను ఇంగ్లీషులో చెబితే తొమ్మిది గడ్డాలూ ఒక్కసారి తలలు పట్టుకున్నాయి. అత్త నడివీధిలోకి వెళ్ళి కొండవైపు రెండు చేతులూ జోడించి, "కాసేపాగు బాబూ, నీకు పున్నెముంటాది" అని సూర్యుణ్ణి బతిమాలింది.

బండి వచ్చింది. నూనె మరకల బాయిలర్ సూటులో ఇంజనీరు దిగీ దిగగానే పిల్లలు రెక్క పుచ్చుకుని మెట్లెక్కించేశారు. తలమీద ఏదో ఒకటి ఉండాలని ఒకడు టోపీకోసం వెతుకుతుంటే, మేష్టారు ఆయన తలకేసి చూసి చెయ్యెత్తి ఆపాడు. బండిమీద మా మరిది ఇచ్చిన హెల్మెట్ ఇంకా ఆయన నెత్తిమీదే ఉంది. అది చాలన్నాడు! ఆ నవ్వులు వీధి చివరిదాకా వినపడుంటాయి. ఆ నవ్వులోనే ప్రార్థన మొదలైంది.

నేను మెట్ల మలుపులో నిలబడ్డాను. మేష్టారి వంతు వచ్చింది. రెండు మాటలు చదివి, చేతిలో పుస్తకం దించేశాడు. అప్పుడు హెల్మెట్ మనిషి ముందుకొచ్చి ఇంగ్లీషులో అన్నాడు, "మా అమ్మ పోయినప్పుడు నేను ఓడమీదున్నాను. ఆమెకోసం ఎవరూ చదవలేదు. నాకు అక్షరాలు రావు."

మేష్టారు ఆయన్ని పక్కన నిలబెట్టుకుని మళ్ళీ మొదణ్ణుంచి ఎత్తుకున్నాడు. ఈయన ఒక మాట అంటాడు, ఆయన ఆ మాట అంటాడు. ఈయనకి ఆఖరుసారి, ఆయనకి మొదటిసారి. నేను ఏడ్చాను. ఒక్క మాట అర్థం కాలేదు గానీ బాగా ఏడ్చాను.

కిందికి రాగానే అత్త పట్టుకుంది. "రొయ్యలు తిన్నాడని సెప్పీసినావు కదా. ఏటన్నారు?"

"ఏం తిన్నావని అడగలేదత్తా. అమ్మెవరని అడిగారు."

 అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆ పిల్లణ్ణి తినెల్లమను. పొలుసున్న సేపే వండినాను" అంది.

ఆ పిల్లడికి అరవై ఏళ్ళుంటాయి. తిని, హెల్మెట్ పెట్టుకుని, బండెక్కబోతూ ఆగాడు. మెట్లమీదున్న మేష్టారి వైపు తిరిగి, మళ్ళీ ఎప్పుడని అడిగాడు. మేష్టారు పక్కనున్న నా గరిటె అందుకుని పైకెత్తి చూపించాడు.

"పొద్దున్న ఆరున్నరకి. ఆలస్యమైతే ఓడకొచ్చి తలుపు బాదుతాను!"