షారోను గొంతు కోసం ప్రార్థన

అగ్గిపుల్ల గీయకుండానే ఒక క్రిస్మస్ ఆరాధనను తగలబెట్టిన ఘనురాలిని నేను. ఎలాగో చెబుతాను, నవ్వితే నవ్వండి.

అప్పుడు నాకు పదహారేళ్ళు. నలుగురిలో నోరు విప్పాలంటే ముచ్చెమటలు. మా పెద్దమ్మ కూతురు షారోనుకేమో మైకు కనిపిస్తే పూనకం. రాయగడలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఏటా క్రిస్మస్ పాట దానిదే. ఆ పాట నాకూ వచ్చు, దానికన్నా బాగా వచ్చు. నమ్మకపోతే మా స్నానాలగదిలో బకెట్టుని అడగండి. కుళ్ళుతో నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడు అది పాడకపోతే పాట నాదే అనుకున్నాను. అమ్మ ఫోను తీసి, డ్యూటీల హడావిడిలో తను తెరిచి చూడని స్త్రీల ప్రార్థన గ్రూపులో, "షారోను గొంతు పోయింది, ప్రార్థించండి" అని పెట్టేశాను. మా అమ్మ నర్సు. నర్సమ్మ మాటకు తిరుగేముంది? ఎక్కడో ఉన్న గుడారి ఊరి నుంచి కూడా ఆమెన్‌లు వచ్చిపడ్డాయి. షారోను ఇంటికి తేనె, మిరియాల కషాయం, జున్ను! నాకు నిజంగా జ్వరమొచ్చినప్పుడు బిస్కెట్టు ముక్కయినా తెచ్చినవాళ్ళు లేరు.

"నాకేటీ అవనేదంటే ఎవులూ ఇనట్లేదే, రూతూ!" అని అది మొత్తుకుంటే, పక్కనున్న ఆంటీ కసిరింది. "మాటాడకమ్మీ! ఉన్న గొంతూ పోద్ది!"

క్రిస్మస్ రోజు షారోను ఎవరి మాటా వినక మైకు అందుకుని పాడేసింది. గుడంతా హల్లెలూయా! పాస్టరు అయ్యగారు ఆనందం పట్టలేక, "విన్నపం పెట్టిన నర్సమ్మగారు వచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నారు.

"విన్నపమేటి? నానేటీ పెట్టనేదే!" అమ్మ ఫోను చూసింది. తర్వాత నన్ను చూసింది. "మైకు కాడికి ఎల్లమ్మీ, నువ్వే సెప్పు."

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను ఆ గోతికి మైకు కూడా పెట్టించుకున్నాను.

"దాని గొంతుకి ఏటీ అవలేదండీ. నాకే కుళ్ళు. ఆ పాట నాకూ వచ్చు."

ముందు నవ్వింది షారోనే. "వస్తే పాడవే మరి!"

పాడాను. రెండో చరణానికి గొంతు కీచుమని నిజంగానే పోయింది. అయినా వదల్లేదు, ఆ కీచుగొంతుతోనే చివరిదాకా లాగాను.

సాయంత్రం పెద్దమ్మ ఫోను తీసి గ్రూపులో షారోను పెట్టింది: "రూతు గొంతు పోయింది, ప్రార్థించండి." ఒక్కరూ నమ్మలేదు. తేనె చుక్క కూడా రాలేదు.

ఆ రాని తేనె మీద ఒట్టు, ఇక జన్మలో ఇంకొకరి గొంతు జోలికి పోను. మైకు జోలికి మాత్రం ప్రతి ఆదివారం పోతూనే ఉన్నాను.