పదకొండు గంటలకు స్ట్రాట్‌ఫర్డ్‌లో

వీర్రాజు గారు సైకిల్ తొక్కుతారనడం కొంచెం అతిశయోక్తి. సైకిల్‌ను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతారంటే సరిపోతుంది. ఎత్తు కనబడితే దిగిపోతారు. "ఎక్కడం మన పని, దిగడం దాని పని అండి" అంటారు. ఆవు కనబడినా దిగుతారు. పాత రాతి వంతెన కనబడితే దిగి, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడతారు. ఒకసారి కుక్కతో నడుస్తున్న ముసలావిడ మమ్మల్ని దాటిపోయింది. ఆవిడ చేతిలో కర్ర కూడా ఉంది.

నా పేరు అనంత్. ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. షుగర్ తగ్గాలంటే రోజూ కదలమని డాక్టర్ చెప్పింది. వీర్రాజు గారితో వెళ్తే కదిలినట్టో కాదో ఇప్పటికీ తేలలేదు. నాకు ఓపిక తక్కువ. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

ఆయనకు అరవై తొమ్మిది. సస్కటూన్‌లో ముప్ఫై ఏళ్లు గింజలు పరీక్షించే ఉద్యోగం చేశారు. తడిగుడ్డలో గింజలు పెట్టి, అవి మొలకెత్తేదాకా కూర్చోవడం పని. గింజను తొందరపెట్టి లాభం లేదని అక్కడ నేర్చుకున్నారట. కిందటి సెప్టెంబరులో భార్య సూర్యకుమారి గారితో మా లండన్‌కు వచ్చేశారు.

మా లండన్ అంటే సస్కటూన్ ఉన్న కెనడాలోనే, ఒంటారియోలో ఉన్నది. ఈ ప్రాంతానికి పేర్లు పెట్టినవాళ్లు ఇంగ్లండు మ్యాపు ముందేసుకుని చూచిరాత రాశారు. మా ఏరు పేరు థేమ్స్. కూరగాయలు కొనుక్కునేది ఆక్స్‌ఫర్డ్ వీధిలో. అరవై కిలోమీటర్ల దూరంలో స్ట్రాట్‌ఫర్డ్ ఉంది. అక్కడ ఏవన్ నది, నది ఒడ్డున నాటకాల థియేటర్, నదిలో హంసలు. హంసలను కూడా వదల్లేదు.

ప్రతి సైకిల్ యాత్రకు ముందు వీర్రాజు గారు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బయల్దేరే రోజు, దారి, చేరే వేళ పెడతారు. గ్రూపులో ఇరవై ఎనిమిది మంది. ఆయన రాసేది మాత్రం ఒక్కరి కోసం. పెట్టాక ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, రామమోహనరావు గారు చదివారా లేదా అని. చదువుతారు. జవాబు ఉండదు. పదకొండేళ్లుగా లేదు.

రామమోహనరావు గారు సూర్యకుమారి గారి అన్నయ్య, కాకినాడలో ఉంటారు. పదకొండేళ్ల కిందట ఆయన కూతురు ఝాన్సీలక్ష్మి పెళ్లి జరిగింది. పెళ్లికూతురి మేనత్త సూర్యకుమారి గారిని లాడ్జి నుంచి మండపానికి తీసుకురావడం వీర్రాజు గారి బాధ్యత. దారిలో, చిన్నప్పుడు గంటకింత అని సైకిల్ అద్దెకు తీసుకున్న షాపు కనబడింది. రెండు నిమిషాలని కారు దిగారు. వాళ్లు మండపం చేరేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. రామమోహనరావు గారు అందరి ముందూ, "నీకోసం ముహూర్తం ఆగదు, నేనూ ఆగను" అన్నారు. అదే ఆఖరి మాట.

మధ్యలో నలిగింది సూర్యకుమారి గారు. అన్నయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు కానీ బావ ఊసు ఎత్తకూడదని షరతు. అందుకని ఆవిడ ఊరి సంగతులు చెబుతుంది. లండన్ వచ్చేశామన్నయ్యా, థేమ్స్ పక్కనే ఇల్లు, ఆక్స్‌ఫర్డ్ వీధిలో వంకాయలు లేతగా ఉంటాయి. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు.

"ఇద్దరూ ఒక్క మాట అనుకుంటే చాలు అనంత్ గారూ," అంది ఒకసారి నాతో, టీ ఇస్తూ. "తిట్టుకున్నా ఫరవాలేదు. అన్నయ్యకి డెబ్భై అయిదు దాటాయి."

ఈ జూన్‌లో మేం స్ట్రాట్‌ఫర్డ్ బయల్దేరాం. వీర్రాజు గారు గ్రూపులో పెట్టింది ఇది: "లండన్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్‌కు సైకిల్ యాత్ర. శనివారం పదకొండు గంటలకు ఏవన్ ఒడ్డున, థియేటర్ ఎదురుగా ఉంటాను." రామమోహనరావు గారు చదివారు. జవాబు లేదు.

శుక్రవారమంతా పచ్చటి పొలాల మధ్య, గొర్రెలను పలకరిస్తూ సాగి, రాత్రికి సెయింట్ మేరీస్ అనే ఊళ్లో దిగాం. మిగిలింది ఇరవై కిలోమీటర్లు. శనివారం పొద్దున ఎనిమిదికల్లా రోడ్డెక్కాం. మామూలు మనిషి తొమ్మిదిన్నరకు చేరతాడు. దారిలో ఒక తాబేలు రోడ్డు దాటుతోంది. కార్ల కింద పడుతుందని వీర్రాజు గారు సైకిల్ అడ్డం పెట్టి నిలబడ్డారు. తాబేలు సగం దాటి, మనసు మార్చుకుని, వెనక్కి తిరిగింది. ఆలస్యం అమృతం విషం అన్నాన్నేను. నిదానమే ప్రధానం అన్నారాయన. తాబేలు ఏమీ అనలేదు. అక్కడ నలభై నిమిషాలు పోయాయి. మిగతా ఆలస్యం ఆయన సొంతం.

స్ట్రాట్‌ఫర్డ్‌లో నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని పులిహోర క్యారేజీ విప్పి చెయ్యి పెట్టేసరికి పన్నెండున్నర దాటింది. ఫోన్ మోగింది. ఆయనకు స్పీకర్ పెట్టడం వచ్చు, తీయడం రాదు.

"వీర్రాజు గారేనా?"

ఆయన లేచి నిలబడ్డారు. ఇంత వేగంగా లేవగలరని నాకు తెలియదు.

"నేనేనండి, బావగారూ."

"పదకొండన్నారు."

"తాబేలు అడ్డొచ్చిందండి."

"ఎక్కడున్నారు?"

"ఏవన్ ఒడ్డునండి. థియేటర్ ఎదురుగా."

"నేనూ థియేటర్ ఎదురుగానే ఉన్నాను. బెంచీ మీద."

వీర్రాజు గారు నా వైపు చూశారు. తరవాత ఒక్కో బెంచీ వెతకడం మొదలుపెట్టారు. ఒకతను మొహం మీద టోపీ పెట్టుకుని నిద్రపోతున్నాడు. వంగి టోపీ కిందకు కూడా చూశారు. "అనంత్ గారూ, మీరా పక్క చూడండి. తెల్ల జుట్టు, పొడుగ్గా ఉంటారు." నేనూ వెళ్లి వెతికాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"హంసలు కనబడుతున్నాయా?" అన్నారు బావగారు.

"కనబడుతున్నాయండి. ఒకటి నన్నే చూస్తంది."

"నన్నూ చూస్తోంది. చెయ్యి ఊపండి."

వీర్రాజు గారు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. హంస పక్కకు వెళ్లిపోయింది.

"ఊపుతున్నారా?"

"ఊపుతున్నానండి. మీరో?"

"నేనూ ఊపుతున్నాను."

అప్పటికి నాకు బుర్ర పనిచేసింది. ఆయన దగ్గర టైమెంతయిందో అడగమన్నాను. అయిదూ నలభై అన్నారు. నా వాచీలో పన్నెండూ నలభై. వీర్రాజు గారికి చెవిలో చెప్పాను. ఆయన నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నారు.

"బావగారూ, తమరు ఇంగ్లండులో ఉన్నారాండి?"

"ఝాన్సీలక్ష్మి దగ్గరికొచ్చి మూడు వారాలైంది. చెల్లికి కూడా చెప్పలేదు. అదేం ప్రశ్న? మీరుండేదీ ఇక్కడేగా."

"మేం ఉండేది కెనడా లండనండి. ఈ ఏవన్ వేరేదండి."

అవతల బాతులు అరుస్తున్నాయి.

"కెనడాలో ఏవన్ ఎందుకు పెట్టారు?"

"తెలీదండి," అన్నారు వీర్రాజు గారు. తరవాత భయపడుతూ అడిగారు. "తమరు ఎన్నింటికొచ్చారండి?"

"పదింపావుకే వచ్చాను. అమ్మాయికి ఊరు చూస్తానని చెప్పి బస్సెక్కా. ఈ బెంచీ తప్ప ఏమీ చూడలేదు. ఆ కాస్తలో నువ్వొచ్చి వెళ్లిపోతావేమోనని కాఫీకి కూడా లేవలేదు."

ఏడున్నర గంటలు. వీర్రాజు గారికి కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు, చేతికి పులిహోర ఉంది. ఆయన మీద నాకు పొద్దుటినుంచి ఉన్న చిరాకంతా ఎటు పోయిందో తెలియదు.

"ఆగనన్నారు కదండీ బావగారూ," అన్నారు.

"అన్నాను." బావగారు గొంతు సవరించుకున్నారు. "బస్సు ఆరున్నరకుంది. అప్పటిదాకా కూర్చో బావా. మళ్లీ తాబేలు వెనక పోకు."

కూర్చున్నారు, ఇద్దరూ, ఎవరి ఏవన్ ఒడ్డున వాళ్లు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆ సైకిల్ షాపు తీసేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టారట. తను కూడా అక్కడే సైకిల్ నేర్చుకున్నానని బావగారు చెప్పారు. ఏం తింటున్నావని అడిగారు.

"పులిహోరండి."

"చెల్లి చింతపండు ఎక్కువేస్తుంది."

"ఏసిందండి."

బస్సెక్కాక రామమోహనరావు గారు గ్రూపులో ఒక ముక్క పెట్టారు. "స్ట్రాట్‌ఫర్డ్‌లో బావను కలిశాను." నిమిషంలో సూర్యకుమారి గారు ఫోన్ చేసింది. ఊపిరాడనట్టు మాట్లాడుతోంది.

"ఏమండీ, అన్నయ్య వచ్చాడా? మీ దగ్గర ఉన్నాడా?"

వీర్రాజు గారు బెంచీ మీద పక్కనున్న ఖాళీ జాగా చూశారు.

"ఆయ్," అన్నారు. "ఇప్పుడే బస్సెక్కారు."