తిట్టే మనిషి ఉన్న ఊరు

మా చిన్నప్పుడు ఎవరూ కళ్ళు మూసుకుని ఊరు మారలేదమ్మా స్రవంతీ... "మీ రోజులే నయం అమ్మమ్మా, పని ఎక్కడుంటే అక్కడికి మూట కట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు" అని నిన్న నా పోస్టు కింద రాశావు చూడు, అది తప్పు. పిల్లల తప్పులు దిద్ది రిటైరైన చెయ్యి ఇది, ఊరుకోలేదు.

మిగతావాళ్ళకు తెలియాలి కదా... స్రవంతి నా మనవరాలు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఉద్యోగం మారుతోంది. మహారాష్ట్రలో నాసిక్ అయినా సరే, మధ్యప్రదేశ్‌లో ఇండోర్ అయినా సరేనట. భార్యాభర్తలిద్దరూ ఆ రెండు ఊళ్ళనూ సంతలో వంకాయల్లా తిప్పి తిప్పి చూస్తున్నారు... ఫోన్‌లోనే.

మాకూ ఇలాంటి రోజే వచ్చింది. సిరిసిల్లలో మా చేమగ్గం కూడు పెట్టడం మానేసింది. నాన్న మరమగ్గాల పని వెతుక్కుంటూ బయలుదేరాడు. మహారాష్ట్రలో భీవండా, గుజరాత్‌లో సూరతా? ఆ రెండు రాష్ట్రాలూ విడిపోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నాన్నకైతే రెండూ ఒకటే. "సాంచాలు గాడ ఉన్నయ్, గీడ ఉన్నయ్" అనేవాడు. సాంచా అంటే మరమగ్గం.

భీవండిలో మా సొంత పెదనాన్న ఉన్నాడు. సూరత్‌లో నాన్న స్నేహితుడు ఒకడు తప్ప నరపురుగు కూడా తెలియదు. ఇక ఆలోచించడానికేముంది అన్నారు అందరూ.

రెండూ చూశాకే చెబుతానంది అమ్మ.

నాన్న సాంచా నడిపితే అమ్మ ఇంట్లో నూలు కండెలు చుట్టాలి. రాట్నం ముందు కూర్చుంటే లేవడానికి ఉండదు. మా తమ్ముడివా... అవి కాళ్ళు కావు, చక్రాలు. వాణ్ణి ఎవరు పట్టుకోవాలి? "పెద్దది ఉన్నది గద" అన్నాడు నాన్న, నన్ను చూపించి. అంటే నా బడి అక్కడితో సరి.

ముందు భీవండి వెళ్ళాం. పెదనాన్న ఇంట్లో మర్యాదకు లోటు లేదు. అమ్మ మాత్రం పొద్దున్నే తమ్ముణ్ణి గల్లీలోకి వదిలి, గడపలో కూర్చునేది. నేను వెంట పరుగెత్తబోతే కొంగు పట్టి లాగేది. "నువ్వు గూసో. సూద్దాం."

ఏం చూడాలో నాకు తెలియదు... వాడు వెళ్ళి నూలు చుట్టిన బరువైన బీములు వేసిన చేతిబండి ఎక్కాడు. బండి ఊగుతోంది. దారిన పోయేవాళ్ళు చూశారు, నవ్వారు, పక్కనుంచి పోయారు. చుట్టాల పిల్లవాడు కదా, ఎవరేమంటారు? చివరికి అమ్మే లేచి దింపింది. నేను భీవండిని ఏమీ అనడం లేదండోయ్. పెద్దమనుషుల గల్లీ అది.

"అందరు మంచిగున్నరు గదా?" అన్నాడు నాన్న.

"మంచిగనే ఉన్నరు" అంది అమ్మ. అది మెప్పో కాదో నాన్నకు అర్థం కాలేదు.

తర్వాత సూరత్... స్నేహితుడి గదికి ఎదురుగానే సాంచాల షెడ్డు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల యంత్రం పట్టా గిర్రున తిరుగుతోంది. పిల్లలకు అంతకన్నా ముద్దొచ్చేది ఏముంటుంది? మేం మూట దించేలోపు తమ్ముడు అటు ఉరికాడు.

షెడ్డు పక్కింటి అరుగు మీద ఒక గుజరాతీ పెద్దావిడ పాపడి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒళ్ళోని చేట అవతల పడేసి లేచి, షెడ్డు గుమ్మంలోనే వాడి చెవి దొరకబుచ్చుకుంది. "ఆ ఛోకరో కోనో ఛే?" అని గల్లీ అదిరేలా అరిచింది. ఈ పిల్లాడు ఎవరివాడు అని. చెవి వదలకుండా తెచ్చి అమ్మకు అప్పజెప్పి, అమ్మను కూడా దులిపేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మ నిలబడి మొత్తం విన్నది... పేరంటంలో పాట విన్నట్టు.

"ఏందే, గన్ని తిట్లు తిని నవ్వుతున్నవ్?" అన్నాడు నాన్న.

"ఈడనే ఉందం."

"తిట్టినందుకా? సొంత అన్నను ఇడిశిపెట్టి... ఈడ ఎవలున్నరే మనకు?"

"గామె ఉన్నది. పోరన్ని సూసేటోళ్ళు ఉన్నరు. ఇగ నా బిడ్డ బడికి వోతది."

"రేపు గూడ తిడుతదని ఏం నమ్మకం?"

"సేతుల పని పారేశి లేశింది. గసొంటి మనిషి నోరు ఊకుంటదా?"

ఊరుకోలేదు. మర్నాడు అమ్మ సర్వపిండి చేసి తీసుకెళితే "తీఖుం!" అని, అంటే కారమని తిట్టి, కళ్ళు తుడుచుకుంటూ రెండో ముక్క తీసుకుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మమ్మల్ని తిట్టింది. నేను బడికి ఆలస్యమైతే అరుగు మీదనుంచే కేక... ఆ కేకకు భయపడే చదివాను, టీచర్నయ్యాను.

పెదనాన్న చాలాకాలం మాట్లాడలేదు. అమ్మ అదీ భరించింది. అప్పుడు అమ్మ వయసు ఇప్పటి స్రవంతి కన్నా తక్కువ. అయినవాళ్ళందర్నీ కాదని, ఒక పరాయి ఆవిడ కోపాన్ని నమ్మి మూట విప్పింది.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లాడు మెట్ల రెయిలింగు మీద గుర్రపుస్వారీ చేస్తుంటే కేకలేశాను. సాయంత్రానికల్లా గ్రూపులో మెసేజి... "పెద్దలు పిల్లలతో గౌరవంగా మాట్లాడవలసిందిగా మనవి." దాని కింద బొటనవేళ్ళ వరస. ఎవరి పిల్లలు వాళ్ళకే అయిపోయారు ఇప్పుడు...

మీ చెవి మొదట మెలేసిన పరాయి మనిషి ఎవరో రాయండి. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు, చెవికి గుర్తుంటుంది.

స్రవంతీ, నువ్వు మాత్రం రాయకు, పని చెయ్యి. ఈ శనివారం నాసిక్, పై శనివారం ఇండోర్. పిల్లల్ని వెంట తీసుకెళ్ళు. అద్దెకు చూసిన ఇంటి ముందు సాయంత్రం పూట ఒక బంతి ఇచ్చి వదిలెయ్. నువ్వు కనుచూపు మేరలో కూర్చో... ఫోన్ సంచిలో, నోరు అదుపులో. ఎవరైనా వచ్చి వాళ్ళను కసిరితే పోట్లాటకు దిగకు. నమస్కారం పెట్టి, వాళ్ళ పక్క వాటా ఖాళీగా ఉందేమో కనుక్కుని రా.