నీళ్ళు వదిలారని చెప్పాను

మా ఆయన లాకుల దగ్గర లస్కరు, షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగం. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలవ మీద, షట్టర్ల పక్కనే మా క్వార్టరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో షట్టర్ల కింద నుంచి దూకే నీళ్ళ మోతకు నాకు కన్ను మూత పడేది కాదు. పోనుపోను ఆ మోత లేకపోతేనే నిద్ర పట్టని స్థితికి వచ్చాం. ఎండాకాలంలో మరమ్మతులకని కాలవ కట్టేసినప్పుడు మొదటి నాలుగైదు రోజులు ఇంటిల్లిపాదీ ఎర్రటి కళ్ళతో తిరిగేవాళ్ళం. అప్పుడొచ్చిన చుట్టాలు ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకునేవారు. మాకేమో మనిషి పోయిన ఇంట్లో ఉన్నట్టుండేది.

ఇంకో సంగతి. క్వార్టరులో డిపార్టుమెంటు ఫోనొకటి ఉండేది. అది మోగిందంటే పైన నీరు పెంచుతున్నారనో, తగ్గిస్తున్నారనో కబురు. ఏ వేళయినా ఆయన లేచి వెళ్ళి షట్టర్లు ఎత్తాలి, లేదా దించాలి. ఆయన్ని నీళ్ళ మోత పడుకోబెట్టేది, గంట లేపేది. ఏళ్ళ తరబడి ఆ ఒళ్ళు అలా తయారయిపోయింది.

ఆ ఏడు కాలవ కట్టేసిన వారంలోనే ఆయనకు నెమ్ము చేసి ఊపిరి అందకుండా పోయింది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఐసీయూలో వేశారు. సాయంత్రం కాసేపు మాత్రమే నన్ను లోపలికి పంపేవారు. మందులకు జ్వరం దిగింది, ఊపిరి కొంచెం కుదుటపడింది. నిద్ర మాత్రం రాలేదు. చుట్టూ ప్రతి మంచం దగ్గరా ఒక మెషీను, ప్రతి మెషీనుకూ ఒక గంట. ఏది మోగినా ఆయన లేచి కూర్చుని కాళ్ళు కిందకి దించేవారు. మత్తుమందు ఇస్తే ఈ ఊపిరి కూడా మందగిస్తుందని డాక్టరుగారు చెప్పారు. తనంతట తాను నిద్రపోవాలి, పోకపోతే మతి చలిస్తుంది అన్నారు. అప్పటికే మాటలు తేడాగా వస్తున్నాయి.

నేను డాక్టరుగారికి లాకు ఫోను సంగతి చెప్పాను. డాక్టరుగారు నవ్వి, "అయితే మెషీన్లు ఆపెయ్యమంటారా అమ్మా?" అన్నారు.

అక్కడ నరసాపురం వైపు నుంచి వచ్చిన సిస్టరుగారొకరు ఉండేవారు. వాళ్ళ నాన్న సముద్రం మీదికి వెళ్ళే మనిషి. కూతురింటికి వస్తే సముద్రం హోరు లేక తెల్లవార్లూ కూర్చునేవాడట. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఆ నీళ్ళ చప్పుడు క్యాసెట్లో పట్టుకు రండి, చిన్నగా పెడదాం, గంటలు కాస్త మరుగున పడతాయి అన్నారు.

ఎక్కడ పట్టను? కాలవ ఎండిపోయి ఉంది. మా మరిది అప్పట్లో భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద పని చేస్తున్నాడు. ఆ చెరువుల్లో నీళ్ళను చిలికే చక్రాలుంటాయి, కరెంటుతో తిరుగుతూనే ఉంటాయి. వాడు గట్టు మీద కూర్చుని ఆ చప్పుడు క్యాసెట్టు రెండు వైపులా నిండేదాకా రికార్డు చేసి, టేపురికార్డరుతో సహా బస్సెక్కి వచ్చాడు.

"రొయ్యలకి పడుతోంది వదినా నిద్ర, అన్నయ్యకి పట్టదా?" అన్నాడు. చాలా రోజులకు నవ్వాను.

సాయంత్రం సిస్టరుగారు దాన్ని తలగడ పక్కన పెట్టి మీట నొక్కారు. ఆయన కళ్ళు తెరిచి చాలాసేపు విన్నారు.

"కాలవ కట్టేశారు కదే. ఈ నీళ్ళెక్కడివి?"

"నారుమళ్ళకని ముందే వదిలారండి. మన చోట వేరే మనిషిని పెట్టారు. మీరు పడుకోండి."

"ఎన్ని షట్టర్లు ఎత్తారు?"

"రెండు."

"మోత చూస్తే మూడులా ఉంది" అంటూనే కళ్ళు మూశారు. నేనక్కడ నిలబడి ఉండగానే గురక వచ్చింది. ఆ రాత్రీ మర్నాడు రాత్రీ సిస్టరుగారు క్యాసెట్టు అయిపోయినప్పుడల్లా తిప్పి పెట్టారు. గంటలు మోగినా ఆయన లేవలేదట.

ఆ తరవాత సిస్టరుగారికి డ్యూటీ మారింది. మేనేజరు టేపురికార్డరును పేపరులో చుట్టి నా చేతికిచ్చాడు. ఐసీయూలో పాటలు పెట్టకూడదమ్మా అన్నాడు. పాటలు కావండి, నీళ్ళండి అన్నాను. ఏదైనా ఒకటే అన్నాడు. వాళ్ళ కౌంటరు దగ్గర టీవీలో క్రికెట్టు నడుస్తోంది, వికెట్టు పడితే కేకలు లోపలి మంచాల దాకా వినపడుతున్నాయి. డాక్టరుగారిని అడిగితే చూద్దాం అన్నారు. చూడలేదు.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి ఆయన రెండు చేతులూ మంచం కడ్డీలకు బ్యాండేజీ గుడ్డతో కట్టి ఉన్నాయి. గంట మోగితే లేచి, సెలైను గొట్టం పీకేసి, షట్టర్లు దించాలని బయలుదేరారట. ముడి మణికట్టును కోస్తోంది. విప్పబోతే ఆయా ఒప్పుకోలేదు. ముడి వదులు చేసి, కింద నా తువ్వాలు మడత పెట్టి, మళ్ళీ కట్టాను. అప్పుడు కళ్ళు తెరిచారు. ముడి మీద నా చేతులు చూశారు.

మనిషి దక్కాడు. కొన్నాళ్ళకు ఇంటికి తెచ్చుకున్నాం. ఆటో దిగగానే ఇంట్లోకి రాకుండా లాకుల మీదికి వెళ్ళి నిలబడ్డారు. కాలవ అడుగున బీటలు. పొడి మట్టిలో గేదెలు పడుకుని ఉన్నాయి.

"నీళ్ళు వదిలారన్నావు."

"మీరు నిద్రపోవాలని అన్నానండి."

"చేతులు కట్టింది కూడా అందుకేనా?"

కట్టింది నేను కాదని, వాళ్ళేనని, తువ్వాలు పెట్టానని చెప్పాను. "సరే" అన్నారు. ఆ సరే ఏమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. మరిది వచ్చి ఒట్టేసి చెబితే, మీ వదిన చెప్పమందా అని అడిగారట.

ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. ఏనాడూ నా మీద కేకలేసిన మనిషి కాదు. కాకపోతే నేనిచ్చిన మాత్రను వెలుతురులోకి పట్టుకెళ్ళి పేరు చదువుకుని వేసుకునేవారు. వాన పడుతోందంటే గుమ్మం దాకా వచ్చి చూసేవారు. జూన్‌లో కాలవకు నీళ్ళొదిలాక ఆయన హాయిగా నిద్రపోతుంటే, పక్కన నేను నిద్ర పట్టక ఆ మోత వింటూ పడుకునేదాన్ని.

ఒకసారి రాజమండ్రి బజారులో ఆ సిస్టరుగారు కనపడ్డారు. ఆ రెండు రాత్రుల నిద్రే మీ ఆయన్ని బతికించిందమ్మా అన్నారు. ఇంటికి వచ్చాక ఆయనకు అన్నం పెట్టాను, కూర ఎలా ఉందని అడిగాను. ఆ మాట చెప్పలేదు. నేను చెబితే నమ్మరు.